మిగిలిన ఇరవై రెండు పేజీలు

మార్చి 3, మంగళవారం

ఈ రోజు ఒక్క పేజీలో నాలుగు తప్పులు చదివాను. టీచరమ్మ నాలుగూ పట్టుకుంది. కళ్ళు కనపడవు గానీ ఆవిడవి పాము చెవులు.

ఆరో నంబరు మంచం ఆవిడది. రిటైరయ్యేదాకా స్కూల్లో సైన్సు చెప్పిందట. నేను ఈ వృద్ధుల హోమ్‌లో ఆయాని. ఆవిడ మతం వేరు, నాది వేరు. వచ్చిన వారానికే దిండు కింద నుంచి ఓ చిన్న పుస్తకం తీసి, చదివి పెడతావా అమ్మాయ్ అని అడిగింది. వాళ్ళమ్మ తన చేత్తో రాసుకున్న ప్రార్థనలు. కుడి నుంచి ఎడమకి పోయే రాత. నాకు రాదమ్మా అంటే, చెయ్యి ఇటివ్వు అంది. నా అరచేతిలో వేలితో ఒక్కొక్క అక్షరమే రాసి నేర్పింది. ఎనిమిది నెలలైంది. అర్థం ఇప్పటికీ తెలీదు. సౌండ్ మాత్రం వచ్చు. రోజూ మధ్యాహ్నం మూడింటికి చదువుతాను.

నాలుగున్నరకి ఆవిడే గుర్తు చేస్తుంది, నీ టైమ్ అయింది వెళ్ళు అని. వార్డులో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దీపం పెట్టనివ్వరు. నా లాకర్ తలుపు లోపలివైపు నా దేవుడి ఫొటో అంటించుకున్నాను. అక్కడే నిలబడి దణ్ణం పెట్టుకుంటాను. ఆ ఐదు నిమిషాలూ టీచరమ్మ బెల్ కొట్టదు. ఎంత అవసరమొచ్చినా కొట్టదు.

మార్చి 9, సోమవారం

నాకు ఉపవాసం. ఆ సంగతి తెలిసి టీచరమ్మ ఈ రోజు టీ వరండాలో తాగుతానంది. వాసన నా ముక్కుకి తగలకూడదట. తెచ్చి ఇచ్చేది నేనే కదమ్మా అన్నాను. అవును సుమా అంది. ఇద్దరం కడుపుబ్బ నవ్వాం.

పక్కన ఏడో మంచం కిటికీ అమ్మది. పక్షవాతం వచ్చి రెండేళ్ళు. నోట మాట లేదు. రోజంతా కిటికీ వైపే చూస్తూ ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టాం. వాళ్ళది మా ఇద్దరిదీ కాని ఇంకో మతం. తలవైపు ఊచకి వాళ్ళ దేవుడి గుర్తు కూతురు కట్టి వెళ్ళింది. బయట ఎండగా ఉందా, మబ్బు పట్టిందా అని టీచరమ్మ రోజూ నన్నడిగి తెలుసుకుని ఆవిడకి చెబుతుంది. చూపు లేనావిడ చూపున్నావిడకి చెప్పడం. జవాబు రాదు. అయినా చెబుతుంది.

సాయంత్రం పుస్తకం మందం వేళ్ళతో తడిమి చూసుకుంది. మొదలుపెట్టాక మధ్యలో వదలకూడదని వాళ్ళమ్మ మాటట. నేనున్నా లేకపోయినా పూర్తి చెయ్యి అంది. అవేం మాటలమ్మా అని కసిరాను. సరే అని మాత్రం మాటిచ్చాను.

మార్చి 17, మంగళవారం

పొద్దున ఆరూ నలభైకి టీచరమ్మ పోయింది.

మార్చి 18, బుధవారం

కొడుకు వచ్చాడు. లారీ డ్రైవర్. డ్యూటీలోంచి అలాగే వచ్చేశాడు, చెప్పులకి ఇంకా గ్రీజు ఉంది. పుస్తకం ఇవ్వబోతే తీసుకోలేదు. అమ్మ ఫోన్లో అంతా చెప్పింది, అది మీ దగ్గరే ఉండాలక్కా అన్నాడు. తనకి ఆ రాత రాదట. అమ్మ నేర్పుతానంటే ఆటలకి పారిపోయేవాడట. అది చెప్పేటప్పుడు ఏడ్చాడు. పుస్తకం అయిపోయాక ఒక్కసారి ఫోన్ చెయ్యమని నంబర్ రాసిచ్చాడు.

ఇంకా ఇరవై రెండు పేజీలున్నాయి.

మార్చి 20, శుక్రవారం, 3.40

డ్యూటీ ఇంకా అవలేదు. అయినా ఇప్పుడే రాయాలి.

మూడింటికి ఖాళీ మంచం పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను. ఉతికిన దుప్పటి మడత కూడా నలగలేదు. పిచ్చిదాన్నేమో అనిపించింది. అయినా మొదలుపెట్టాను. మూడో వరుసలో నాలుక తడబడింది. ఆగకుండా ముందుకు పోయాను.

ఎవరో దిద్దారు.

వెనక నుంచి. ఏడో మంచం నుంచి. కిటికీ అమ్మ కిటికీ వైపే చూస్తోంది, పెదవులు మాత్రం కదిలాయి. తప్పు పలికిన ఆ ఒక్క మాటే, సరిగ్గా. చివర్లో టీచరమ్మ లాగే కాస్త సాగదీసి.

రెండేళ్ళలో ఆవిడ గొంతు నేను విననే లేదు. 

మార్చి 21, శనివారం

ఇన్‌చార్జ్ సిస్టర్ నమ్మలేదు. డాక్టర్ వచ్చి పెన్ను చూపించి ఇదేంటి అన్నాడు. నీ పేరేంటి అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. నన్ను చదవమన్నారు. కావాలనే ఒక తప్పు చదివాను. దిద్దింది. సిస్టర్ చేతిలో ట్రే గలగలమంది.

ఎనిమిది నెలలు పక్కనే పడుకుని విన్నది కదా, మాట పోయినా విన్న పాటలు, ప్రార్థనలు కొందరికి మెదడులో వేరేచోట మిగులుతాయి అని డాక్టర్ చెప్పాడు. నిజమే అయ్యుంటుంది. నా గుండె కాస్త కుదుటపడింది.

డాక్టర్ వెళ్ళాక గుర్తొచ్చింది. నిన్నా ఈ రోజూ చదివినవి కొత్త పేజీలు. ఈ గదిలో ఇంతకు ముందు ఎవ్వరూ చదవలేదు.

మార్చి 24, మంగళవారం

కిటికీ అమ్మ కూతురు వచ్చింది. పోస్టాఫీసులో పని. ఎవరో చెప్పారు కాబోలు, తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నది. తర్వాత సిస్టర్ గదిలో గొడవ. గోడ ఇవతలికి ప్రతి మాటా వినిపించింది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం వచ్చి అమ్మా, అమ్మా అని పిలుస్తున్నాను, ఒక్కసారి పలకలేదు, ఇప్పుడు ఎవరి దేవుడి మాటలో పలుకుతోందా అని. మా అమ్మకి ఏం నూరిపోస్తున్నారని. 

కోపం రాలేదు నాకు. ఆవిడ చోట నేనున్నా అదే అడుగుతాను.

పుస్తకం సిస్టర్ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇంకోసారి చదివితే నన్ను లాండ్రీకి మార్చేస్తారట.

మార్చి 26, గురువారం

మూడింటికి కిటికీ అమ్మ తల తిప్పింది. కిటికీ వదిలేసి ఆరో మంచం వైపు. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. స్పూన్ పెడితే పళ్ళు బిగిస్తోంది.

మార్చి 27, శుక్రవారం

ఈ రోజూ తినలేదు. పనిచేసే చేతి వేలు దుప్పటి మీద కదులుతూనే ఉంది. దురదేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూశాను. రాస్తోంది. కుడి నుంచి ఎడమకి.

దుప్పటి మీద వేలి రాత కంటికి అందదు, అరచేతిలో అయితే తెలుస్తుంది. అందుకని నా చెయ్యి ఆ వేలి కింద పెట్టాను. ఒక వరుస రాసింది. చేత్తో విన్నాను. ఎప్పుడూ వినని వరుస.

ఇంటికొచ్చి రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. అలా కడుక్కోవడం తప్పని తెలుసు. భయమేసింది.

మార్చి 28, శనివారం

కూతురికి ఫోన్ చేయించారు. హాఫ్ డే పెట్టి వచ్చింది. దుప్పటి మీద ఆ వేలు చూసి మంచం మీదికి వంగింది. కోపమంతా ఎటు పోయిందో. ఇదేంటక్కా అని చిన్నగా అడిగింది.

దాచకుండా చెప్పాను. టీచరమ్మ, అరచేయి, ఇచ్చిన మాట. టీచరమ్మ మీ అమ్మకి రోజూ ఎండా మబ్బూ చెప్పేదని కూడా చెప్పాను. అది వినగానే మంచం అంచున కూర్చుంది. తనెప్పుడూ అమ్మకి ఆస్పత్రి సంగతులూ మందుల సంగతులే చెప్పిందట. మబ్బు సంగతి చెప్పాలని తోచలేదట.

మా అమ్మ దేవుడు మారిపోతాడా అక్కా, అంది. ఎనిమిది నెలలు చదివాను, నా దేవుడు లాకర్‌లోనే ఉన్నాడు తల్లీ, ఎక్కడికీ పోలేదు అన్నాను. ఏడుస్తూనే నవ్వింది.

తనే వెళ్ళి బీరువా తాళం తీయించింది. పుస్తకం రెండు చేతులతో పట్టుకొచ్చింది, పసిబిడ్డని తెచ్చినట్టు. ఆగిన చోట తెరిచాను. మొదటి వరుస చూసి నా అరచెయ్యి తెరిచి చూసుకున్నాను. నిన్న నా అరచేతిలో రాసింది అదే.

కూతురికి చెప్పలేదు. చదివాను. కిటికీ అమ్మ ఆరు స్పూన్ల జావ తాగింది.

మార్చి 30, సోమవారం

కూతురు లీవ్ పెట్టింది. తన అరచేతిలో నేను అక్షరాలు రాస్తున్నాను. నాకంటే చురుకు. నా వెంట ఒక వరుస పలికి, మూడు తప్పులు చేసింది. అమ్మ మూడూ దిద్దింది. కూతురు కావాలని నాలుగోది చేసింది.

కిటికీ అమ్మ నెమ్మదిగా తల తిప్పి కూతురి మొహంలోకి చూసింది. సరిగ్గా పలుకు, అంది. తెలుగులో. ముద్దముద్దగా, గరగరగా. సాగదీత లేదు. అది ఆవిడ సొంత గొంతు.

చిన్నప్పుడు హోమ్‌వర్క్ దగ్గర ఇదే మాట అని రోజూ తిట్టేదట. కూతురు తల అమ్మ ఒళ్ళో పెట్టేసింది. నేను మొహం తిప్పుకుని సెలైన్ స్టాండ్ సర్దాను. సర్దడానికి అక్కడేం లేదు.

ఏప్రిల్ 2, గురువారం

నాలుగున్నరకి లాకర్ దగ్గరికి వెళ్ళాను. కూతురు వార్డు తలుపు దగ్గర కాపలా ఉంది, నన్నెవరూ పిలవకుండా. నేను అడగలేదు.

ఏప్రిల్ 6, సోమవారం

చివరి పేజీ. సగం నేను, సగం కూతురు. ఒక్క తప్పూ రాలేదు. టీచరమ్మ కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను. థాంక్స్ అక్కా అన్నాడు.

ఈ రోజు బాగా నిద్ర పడుతుంది అనుకుంటున్నాను.

ఏప్రిల్ 7, మంగళవారం, 3.25

మూడింటికి కిటికీ అమ్మ తనంతట తనే మొదలుపెట్టింది. ఆ భాషే. ఊపుతున్నట్టు, పాటలాగా. కూతురూ నేనూ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాం. అందులో లేదు.

టీచరమ్మ కొడుక్కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. లారీ ఆగిన చప్పుడు. చిన్నప్పుడు తనని నిద్రపుచ్చడానికి వాళ్ళమ్మ సొంతంగా కట్టిన పాటట. ఎక్కడా రాయలేదట. ఇంకెవరి ముందూ పాడలేదట.

ఎవరు పాడుతున్నారని అడగలేదు.

ఆపొద్దని చెప్పక్కా, అన్నాడు.