సొరుగులో పెట్టిన కాగితం

రూసె,
మార్చి 11, 1994

అమ్మకు,

ఇక్కడ నేను, నీ అల్లుడు కిరిల్, పిల్ల రలిత్సా బాగానే ఉన్నాం. మార్చి ఒకటికి కట్టుకోమని నువ్వు పంపిన ఎర్ర తెల్ల దారాలు ముగ్గురం చేతికి కట్టుకున్నాం. కొంగ కనబడేదాకా విప్పనని పిల్ల పంతం పట్టింది. మిరప పచ్చడి సీసా దారిలో పగలలేదు. "మీ అమ్మ ఉప్పు తక్కువేసింది" అని సణుగుతూనే కిరిల్ సగం ఖాళీ చేశాడు.

నీ ఉత్తరంలో రెండు అడిగావు. బంగాళాదుంపలు ఈ నెలే పెట్టనా అని ఒకటి. పొట్ట మళ్ళీ ఉబ్బి లంగా కొక్కెం పడటం లేదు, కిందటిసారి పొట్టలోంచి తీసిన నీళ్ళలో ఏమీ లేదన్నావు కదా, మరి ఇదేమిటని రెండోది. దుంపలు నేను వచ్చి పెడతాను, నువ్వు నడుం వంచకు. రెండోదానికి జవాబు రాయలేక మూడు రోజులుగా కాగితాలు చింపుతున్నాను.

జనవరిలో తీసిన ఆ నీళ్ళను మా ల్యాబులో నేనే చూశాను. మూడు స్లయిడ్లు, అంచు నుంచి అంచుకు, నువ్వు నేర్పినట్టే. ముప్పై ఏళ్ళు ఆ పని చేసినదానివి, నీకు నేను చెప్పేదేముంది. చెడ్డ కణం ఒక్కటీ కనబడలేదు. అది అబద్ధం కాదమ్మా.

కాని అవే నీళ్ళను ఇంకో పరీక్షకూ పంపారు. నువ్వు రిటైరయ్యాక వచ్చిందది. క్యాన్సర్ కణాలు నీళ్ళలోకి రాలకపోయినా, అవి వదిలే పదార్థం ఒక్కోసారి దొరుకుతుంది, దాన్ని కొలుస్తారు. నీది ఉండాల్సినదానికి పదింతలు ఉంది. డాక్టర్ హజీకొలెవ్ ఆ కాగితం నా చేతిలో పెట్టాడు. "ఆవిడతో నేను చెప్పను. ఇంటి మనిషివి, నీకు చెప్పాను. మళ్ళీ నీళ్ళు తీయించి చూడాలి, ఆలస్యం చెయ్యకు" అన్నాడు.

నేను దాన్ని సొరుగులో పెట్టేశాను. ఒక్క అంకె చూసి ఎవరికీ క్యాన్సర్ అంటగట్టకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. నాన్న జబ్బు ఆయనకే చెప్పకుండా అందరం దాచాం. ఆయన పోయాక నువ్వన్న మాట మరిచిపోలేదు. "నాకు గనక ఇట్లా చేశావో, నీ చేతి కాఫీ కూడా తాగనే." అయినా చేశాను. భయమేసింది. నీ ఏడు వారాలు నేను పోగొట్టాను.

నీ ఉత్తరం అందిన రోజే, ఆ నీళ్ళ అడుగున తేరిన మడ్డిని మైనంలో పోసి దాచిన దిమ్మ బయటికి తీశాను. కొత్తగా పొరలు కోసి, రంగు వేసి చూశాను. నాలుగో పొరలో, అంచున, ఏడు కణాల గుంపు ఉంది. అవేమిటో నీకు విప్పి చెప్పక్కర్లేదు, చూడగానే నీకే తెలుస్తుంది.

వచ్చే శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. సోమవారం ఇద్దరం ఆస్పత్రికి వెళ్దాం. చికిత్స ఉంది, ఎంతకాలం ఇస్తుందో నాకు తెలియదు. ఆ కాగితమూ ఆ స్లయిడూ తెస్తున్నాను. రిటైరైన రోజు నీకిచ్చిన మైక్రోస్కోపు అటక మీంచి దించమని పక్కింటివాళ్ళతో చెప్పు. ఈసారి ముందు నువ్వే చూడు.

తర్వాత కాఫీ నేను పెడతాను. తాగడం నీ ఇష్టం.

ఇట్లు,
నీ దగ్గరే పని నేర్చుకున్న కూతురు
వెనెతా