తల కొలత సరిచేశాక

నాన్నా,

పేపర్లో మా ల్యాబు వార్త చూసి ఊరంతా చెప్పుకున్నావట. కూతురి గొప్పకి మురిసిపోయావు, సంతోషం. కానీ "దారీ దూరం పసిగట్టే మెదడు ఆడవాళ్లకి ఉండదంట, మీ అక్కే కనిపెట్టింది" అంటూ మన డ్రైవింగ్ స్కూల్లో చిట్టిని లారీ దింపేశావని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ కొలతలు తీసింది నేనే. మెదడులో పాతిక చోట్ల కొలిస్తే ఆడా మగా తేడా ఒక్కచోటే కనబడింది. మగవాళ్ల తలలు సగటున కాస్త పెద్దవి కదా, ఆ లెక్క సరిచేస్తే అదీ మాయమైంది. మ్యాపు చదవడంలో అలవాటున్నవాళ్లే ముందున్నారు, ఆడైనా మగైనా.

"తేడా లేదంటే ఎవరు అచ్చేస్తారమ్మా? ఆ ఒక్క తేడా సరిచేయకుండా ఉంచు, మిగతావి తీసెయ్" అన్నారు ప్రొఫెసర్‌గారు. అప్పటికే పేపరువాళ్లకి చెప్పేశారు మరి.

ఆ వ్యాసంలోంచి నా పేరు తీసేయమన్నాను. అంతటితో ఊరుకోలేదు, అందరూ ఉన్న మీటింగులో కొలతలన్నీ తెరమీద పెట్టాను.

"ఆడపిల్లవన్న కోపం నీది. సైన్సులో అది పనికిరాదు" అన్నారాయన.

"మగాడినన్న ధీమా పనికొస్తుందా సార్?" అన్నాను.

మర్నాటి నుంచి రావద్దన్నారు. పూర్తి ఫలితాలతో నేనే వ్యాసం రాసి సైన్సు పత్రికకి పంపాను. వేస్తారో లేదో తెలియదు. కానీ నేను చెప్పని మాటతో నా చెల్లెల్ని దింపితే ఊరుకోను. నీ దగ్గర నేర్చుకుని డివైడర్ ఎక్కించిన మగవాళ్ల మెదడు ఎవరైనా కొలిచారా నాన్నా?

నీ పెద్దది

*

పెద్దమ్మాయీ,

నీ ఉత్తరం సగమే అర్థమైంది. మిగతా సగం చిట్టి చదివి చెప్పింది, నేర్చుకోవడానికొచ్చిన కుర్రాళ్లందరికీ వినబడేలా. డివైడర్ మాటకి వాళ్లు పకపకా నవ్వేసరికి నాకు రోషమొచ్చింది. "ఎక్కు. ఆ సందులోకి రివర్సు పెట్టు" అన్నాను దానితో. తప్పుతుందనే పెట్టమన్నాను, అబద్ధమెందుకు.

మొదటిసారి అద్దం గోడకి గీసుకుంది. నేను నోరు తెరిచేలోగా "మళ్లీ" అంది. ఈసారి వెన్నలో కత్తిలా దూరిపోయింది. ఇప్పుడు మీరు రండిరా అంటే ఒక్కడూ కదల్లేదు.

ఉద్యోగం పోయిందని ఇంటికొచ్చెయ్యకు. అక్కడే వేరే గది చూసుకుని ఆయన సంగతి తేల్చు. సామాను మార్చడానికి బండి కావాలంటే చెప్పు. లైసెన్సు చేతికి రాగానే చిట్టి తెస్తుంది. నేను పక్క సీట్లో నోరు మూసుకుని కూర్చుంటాను.

నాన్న