కేసియా బడి సంగతి

ఘాలా, 1994

అన్నయ్యా,

దీన్ని పోస్టులో వేయడానికి ధైర్యం చాలక, సెలవు మీద ఊరికి వస్తున్న ప్రభాకర్‌కి ఇచ్చాను. కవరు అంటించినట్టే ఉందో లేదో చూసుకో.

మన యూదు ప్రార్థన మందిరం పక్కన పెట్టిన బడిలో నన్ను అడక్కుండానే మా కేసియాను చేర్పించావు. హీబ్రూతోపాటు తెలుగు, లెక్కలు కూడా చెబుతారన్నావు. ఆ పంతులుగారికి మన పిల్లల మీద ఎందుకంత శ్రద్ధ? రేపు వాళ్లని ఏ దేశానికో పంపిస్తామంటే అడ్డుపడేదెవరు? మాన్పించమని రాయడానికే కాగితం తీశాను.

ముందు నువ్వు పంపిన క్యాసెట్టు పెట్టాను. అందులో కేసియా మన శుక్రవారం ప్రార్థన హీబ్రూలో పాడుతుంటే పక్క మంచం మీది కడప మొయినుద్దీన్ లేచి కూర్చున్నాడు.

"ఇదేం బాస భాయ్? అరబ్బీ మాదిరి ఉండాదే!"

మనం యూదులమని రూమ్‌లో ఎవరికీ తెలియదు. ఈ అరబ్బు దేశంలో అది తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. "పాత బైబిలు పాట" అని ఆపబోయాను.

"ఆపొద్దు. మా రుబీనా గూడా మదరసాలో ఇట్లే రాగం తీసి సదువుతాది" అన్నాడు. ఆ మాట నమ్మాలో, నా దగ్గర కూపీ లాగుతున్నాడో అర్థం కాలేదు.

అప్పుడే కేసియా వెనక ఇంకో గొంతు వినిపించింది. అది నీ మరదలిది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె పాడగా నేను వినలేదు. అక్షరం రాని మనిషి, కూతురితోపాటు ఒక్క మాట తడబడకుండా పాడుతోంది.

బడి మీద నా అనుమానం పోలేదు. సెలవుకి వచ్చి ఆ బడిలో కూర్చుని చూస్తాను. అందాకా మాన్పించకు. ఆమెను పాడమన్నది పంతులుగారా, తనంతట తనే పాడిందా? అది మాత్రం దాచకుండా రాయి.

నీ తమ్ముడు