రింకు మీద వడ్లు

జిల్లా స్కేటింగ్ సంఘం కార్యదర్శి గారికి, సత్యవేడు నుంచి ఒక అభిమాని నమస్కరించి చేసుకుంటున్న మనవి.

తుపాను తర్వాత స్కేటింగ్ పోటీలు జరపాలా వద్దా అని మేం అభిమానులం వారం నుంచి కొట్టుకుంటున్నాం. "ఊరు నీళ్లల్లో నానతా ఉంటే సక్రాలు కట్టుకొని తిరిగేది యేందప్పా? మనసుండాదా మీకు?" అని మా గంగాధరం అడ్డుపడ్డాడు. ఆపితే పిల్లల ఏడాది కష్టం వృథా అని నేను గట్టిగా వాదించాను. పోటీలో మా అమ్మాయి మహిత ఉంది. అయినా నేను న్యాయమే మాట్లాడాను.

ఈలోగా ఎండ కాసింది. తడిసిన వడ్లు ఆరబోయడానికి ఊళ్లో పొడిగా ఉన్న సిమెంటు నేల మీ రింకు ఒక్కటే. గంగాధరం ముందుగా పోశాడు. మిగిలిన సగంలో నేనూ పోశాను.

నిన్న అతని వడ్లు ఎండాయి, ఎత్తేశాడు. "ఇంగ పోటీలు పెట్టండబ్బా, పిల్లోళ్లు పాపం" అని ఇప్పుడు ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

అయ్యా, మనిషికి అంత రాతిగుండె తగదు. జనం ఇంకా కోలుకోలేదు. నా వడ్లు మొలకెత్తేలా ఉన్నాయి. తుపాను బాధితుల మీద గౌరవంతో పోటీలు నాలుగు రోజులు ఆపండి. మహిత సాధన మాత్రం ఆగలేదు. చక్రాలు విప్పేసి, పొద్దుటి నుంచి రింకు మీదే కాళ్లతో వడ్లు తిరగేస్తోంది.

ఇట్లు,
ఆట మేలు కోరే అభిమాని