పొయ్యి దగ్గర చెప్పులు

అనకాపల్లి,
జనవరి 6

ప్రియమైన త్రినాధ బావకి,

వారం నుంచి మంచు. ఎనిమిదింటికి గాని చెరకు తోట కనిపించడం లేదు. ఇవాళ మూడు పెనాల బెల్లం దించాం. ఎండిన చెరకు పిప్పి పొయ్యిలోకి తోసే పని నాది. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి రాస్తున్నాను.

కరెంటాఫీసులో రిటైరయ్యాక ఏడాదంతా కుర్చీలోనే గడిపాను. పొలానికి వచ్చాక ఆకలి వేస్తోంది, నిద్ర పడుతోంది. షుగరు మాత్రలు కూడా తగ్గించాను. మొదట్లో పొయ్యి దగ్గర నేల కాళ్ళని మాడ్చేసేది. ఇప్పుడేమీ తెలియడం లేదు. "కాళ్ళు పొయ్యికి అలవాటుపడిపోయేయి బావూ. ఇంక నువ్వు మావోడివే" అన్నాడు బెల్లం వండే పరదేశి.

నువ్వూ బడి నుంచి రిటైరై టీవీ ముందే కూర్చున్నావు. అది కట్టేసి రా.

నీ
చంద్రమౌళి

ఎలమంచిలి,
జనవరి 11

ప్రియమైన బావా,

నీ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించాను. "అన్నయ్యని ముందు ఆసుపత్రికెళ్ళమనండి" అంది, అన్నం వడ్డించడం ఆపి. షుగరున్నవాడికి కాలికి వేడి తెలియకపోతే అది అలవాటు కాదు. చెప్పులు వేసుకో. మాత్రలు మానకు.

త్రినాధరావు

అనకాపల్లి,
జనవరి 19

బావా,

పెనం పొయ్యి మీద ఉండగా అక్కడ ఎవరూ చెప్పులు వేసుకోరు. నీ మాట చెబితే పరదేశి నవ్వాడు. "బెల్లం తినీవోళ్ళు ఏటనుకుంటారో మేస్టార్ని అడుగు" అన్నాడు.

మొన్న కుడి అరికాలు కాలింది. నొప్పి లేదు. వాసన వస్తే పిప్పిలో ఏదో పడి కాలుతోందనుకున్నాను. పసుపు పెట్టి గుడ్డ కట్టాను. కొద్దిగా జ్వరం. పని మానలేదు.

చంద్రమౌళి

అనకాపల్లి,
ఫిబ్రవరి 9

ప్రియమైన బావా,

ఈ ఉత్తరం మీ అమ్మాయి లావణ్య చేత విశాఖపట్నం ఆసుపత్రికి పంపుతున్నాను. కుడికాలు మడమ పైదాకా తీసేశారని చెప్పింది. మోకాలికి ప్రమాదం తప్పిందట. పొయ్యి దగ్గర ఎవరున్నారని అడుగుతున్నావట. నేనే ఉన్నాను, బూట్లతో. మొదటిరోజు పరదేశి నా వైపు చూడలేదు.

నీ డాక్టరు చెప్పిన పరీక్ష నిన్న ఇక్కడ అందరికీ చేశాను. కళ్ళు మూసుకోమని అరికాలికి చీపురుపుల్ల తాకించడమే. పిప్పి ఎండబెట్టే సింహాచలం చక్కిలిగింతకి ఎగిరిపడ్డాడు. అది చూసి పరదేశి నవ్వుతూ కాలు చాపాడు. తాకించాను. తెలియలేదేమోనని గట్టిగా గుచ్చాను. రెండో కాలికీ గుచ్చాను.

"కానియ్ మేస్టారూ. ఇంకా పెట్టవేటి?" అన్నాడు, కళ్ళు మూసుకునే.

ఇవాళ పొయ్యి వెలిగించలేదు. పరదేశి, వాళ్ళావిడ చిన్నమ్మలు మధ్యాహ్నం బస్సుకి విశాఖపట్నం వెళ్ళారు.

త్రినాధరావు