తల అడ్డంగా ఊపడమే మందు

చిట్టితల్లీ,

చెవి లోపలి నరం దెబ్బతిని తూలిపడుతున్న నాకు చేయిస్తున్న కసరత్తులు ఈ రోజుతో పూర్తయ్యాయి. గోడ మీది అక్షరం నుంచి చూపు తిప్పకుండా తల అడ్డంగా ఊపాను. అక్షరం కదల్లేదు, గది తిరగలేదు. నరం పూర్తిగా కోలుకోకపోయినా మెదడు సర్దుకుందట.

"ఇంత బాగా ఊపడం ఎక్కడ నేర్చారు బాబాయ్ గారూ?" అంది కసరత్తులు చేయించే అమ్మాయి.

"మా ఆవిడ ఏమడిగినా ఇలాగే ఊపేవాణ్ణమ్మా!"

ఇద్దరం పగలబడి నవ్వాం. మీ అమ్మ పోయాక నేనలా నవ్వడం ఇదే మొదలు.

నేను పడిపోతానని నువ్వు పక్కింటి అత్తయ్య దగ్గర దాచిన మేడ తాళంచెవి అడిగి తెచ్చుకున్నాను. ఆవిణ్ణి కోప్పడకు. పాపాయి దగ్గు తగ్గిందా? అల్లుడికి నా ఆశీస్సులు. రేపు పొద్దున్నే మేడెక్కి మీ అమ్మ కుండీలకు నేనే నీళ్ళు పోస్తాను.

నాన్న