లకుముకి పిట్ట మీద సున్నం

శనివారం, రాత్రి

బందరు కాలవ గోడ మీద మా పేట పిల్లలతో కలిసి వారమంతా వేసిన లకుముకి పిట్ట బొమ్మ మీద పొద్దున సున్నం కొట్టేశారు. లీడర్ గారి పుట్టినరోజట. సోమవారం అక్కడ ఆయన పేరు రాస్తారట.

"పిల్లలు కష్టపడి వేశారండీ" అన్నాను.

"పిట్టకి ఓటుందేంట్రా? టెన్త్ ఎగ్గొట్టినోడికి ప్రకృతి కావాలంట!" అన్నాడు సున్నం కొట్టించినాయన. పక్కనున్నవాళ్ళు నవ్వారు. మా పేట పిల్లల్లో అందరికన్నా చిన్నది మేరీ, బ్రష్ పట్టుకుని నావైపే చూస్తోంది.

గొడవైతే వాళ్ళమ్మ మళ్ళీ పంపదేమో...

అయినా తగ్గను. మొదటిసారి నాచు మరకల మీదే వేశాం, రెక్కల్లో నీలం సరిగ్గా పట్టలేదు. ఇప్పుడు గోడ తెల్లగా మెరుస్తోంది. రేపు చర్చి అవగానే మొదలుపెడతాం. ఈసారి పిట్ట ఈ చివర నుంచి ఆ చివరదాకా ఉంటుంది. పేరు రాసుకోవడానికి చోటెక్కడ మిగులుతుందో చూస్తాను.